ఇరవై అంగుళాల బెంచీ: క్లాసులోనే వ్యాయామ శరీరధర్మ పరిశోధన మొదలుపెట్టడం ఎలా

పోయిన నెల ఒక రాత్రి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. పీహెచ్‌డీ చేసింది వ్యాయామ శరీరధర్మశాస్త్రంలో. ఇప్పుడు అనంతపురానికి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తోంది. "మేడమ్, ఇక్కడ ట్రెడ్‌మిల్ లేదు, గ్యాస్ అనలైజర్ లేదు. ఉన్నవి రెండు మైక్రోస్కోపులు, ఒక అస్థిపంజరం. ఇంక నా రీసెర్చ్ ఇంతేనా?" అనింది. గొంతులో ఏడుపు వినపడింది.

ఆ రాత్రి ఫోన్లో తనకు చెప్పిందే ఇప్పుడు కాస్త వివరంగా రాస్తున్నాను. తనలాంటి వాళ్ళు రాయలసీమలో చాలామందే ఉంటారు.

నాదీ అదే కథ. పరిశోధన చేసిన రోజుల్లో నా పని అలసట మీద. పరుగెత్తిన మనిషి గుండె ఎంతసేపట్లో మామూలు స్థితికి వస్తుంది, ఎండ ఆ సమయాన్ని ఎంత పెంచుతుంది అని చూసేదాన్ని. తర్వాత అనంతపురంలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మొదటి ఆరేళ్ళు పాఠం వేరు, పరిశోధన వేరు అనుకుని బతికాను. పాఠం జీతం కోసం, పరిశోధన సెలవుల్లో ఎక్కడో పెద్ద ల్యాబ్‌లో చోటు దొరికితే. ఆ ఆరేళ్ళలో నేను రాసింది ఒక్క పేపరు. అది కూడా పాత డేటాతో. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు రెండింటినీ ఒకే గదిలో, ఒకే పిల్లలతో చేశాను. మీరు ఆ ఆరేళ్ళు పోగొట్టుకోకూడదు.

ముందు బెంచీ చేయించండి

హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీ అని 1927 నుంచి 1947 దాకా అమెరికాలో ఒక ల్యాబ్ నడిచింది. కార్మికుల అలసట, ఎండ, ఎత్తైన కొండల మీద ఊపిరి, ఇవన్నీ అక్కడ కొలిచారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1943లో, బ్రూహా అనే శాస్త్రవేత్త అక్కడినుంచే ఒక పరీక్ష ప్రకటించాడు. దానికి కావలసినవి 20 అంగుళాల ఎత్తున్న బెంచీ, గడియారం, నాడి పట్టుకునే వేళ్ళు. అంతే. హార్వర్డ్ స్టెప్ టెస్ట్ అంటే అదే. ఎనభై ఏళ్ళు దాటినా మన ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో ఇంకా ఉంది.

20 అంగుళాలంటే 50.8 సెంటీమీటర్లు. వడ్లాయనకు "కూర్చునే బెంచీ కావాలి" అని చెప్పొద్దు. ఆయన తన చేతికి అలవాటైన ఎత్తులో చేసిస్తాడు. నేల నుంచి పలక పైభాగం దాకా 50.8 అని కాగితం మీద గీసివ్వండి, పలక మందం కూడా అందులో కలుపుకోమని చెప్పండి. పలక వెడల్పు పాదం మొత్తం ఆనేటంత ఉండాలి. కాళ్ళ కింద పాత ట్యూబు రబ్బరు ముక్కలు కొట్టించండి, జారదు.

నేనిది నేర్చుకోవడానికి ఒక ఏడాది డేటా పోయింది. రెండు బెంచీలు చేయించాను. ఒకటి సరిగ్గా ఉంది. రెండోది అంగుళంన్నర తక్కువ. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి కొలవలేదు. ఏ పిల్ల ఏ బెంచీ ఎక్కిందో రాసుకోలేదు. ఏడాది చివర రెండు సెక్షన్ల మధ్య తేడా కనపడితే సంతోషపడిపోయాను, ఏదో కనిపెట్టాననుకున్నాను. ఒక సాయంత్రం అటెండరు గది కడగడానికి రెండు బెంచీలూ పక్కపక్కన పెట్టాడు. అప్పుడు కనపడింది. 140 మంది లెక్కలు పక్కన పడేశాను. అప్పటినుంచి ప్రతి బెంచీ అడుగున ఎత్తు, కొలిచిన తేదీ పెయింటుతో రాయించాను. ప్రతి టర్మ్ మొదట్లో మళ్ళీ కొలిచాం. గది నేల వాలుగా ఉంటే నాలుగు మూలలా కొలవాలి.

ఆడపిల్లలకు 16 నుంచి 18 అంగుళాల ఎత్తు చాలాచోట్ల వాడతారు. మీరు ఏది ఎంచుకున్నా దాన్నే పట్టుకుని ఉండండి. రెండు ఎత్తుల మీద వచ్చిన స్కోర్లను ఒకదాంతో ఒకటి పోల్చకూడదు.

తాళం, నాడి

నిమిషానికి 30 సార్లు ఎక్కి దిగాలి. ఒక్కో సారికి నాలుగు దెబ్బలు: కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడికాలు కిందికి, ఎడమకాలు కిందికి. అంటే నిమిషానికి 120 దెబ్బలు. ఇప్పుడు ఫోన్లో మెట్రోనోమ్ యాప్ ఉంది. మాకు లేని రోజుల్లో సెకండ్ ఇయర్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, వాళ్ళ ఊళ్ళో చెక్కభజన వేసేవాడు. చెక్కలు తీసుకొచ్చి గోడకానుకుని నిలబడి ఐదు నిమిషాలూ ఒకే నడకలో వాయించేవాడు. గడియారంతో సరిచూస్తే నిమిషానికి ఒకటో రెండో దెబ్బలకు మించి తేడా వచ్చేది కాదు. పైకెక్కినప్పుడు మోకాళ్ళు నిటారుగా రావాలి. వంగి దిగిపోతుంటే ఆ పిల్లవాడు 20 అంగుళాలు ఎక్కినట్టు కాదు.

ఐదు నిమిషాలు, అంటే 300 సెకన్లు. లేదా ఇంక చేతకాదు అనేదాకా. ఆగిన వెంటనే కూర్చోబెట్టాలి. ఒక నిమిషం గడిచాక 30 సెకన్లపాటు నాడి లెక్క. రెండు నిమిషాలు గడిచాక మళ్ళీ 30 సెకన్లు. మూడు నిమిషాలు గడిచాక మళ్ళీ 30 సెకన్లు. ఎక్కిన సెకన్లను 100తో హెచ్చించి, మూడు లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకు 78, 66, 57 వచ్చాయనుకోండి. మొత్తం 201, రెట్టింపు 402. 30,000ని 402తో భాగిస్తే సుమారు 75.

పాత పట్టిక ప్రకారం 90కి పైన అయితే చాలా బాగున్నట్టు, 55 లోపైతే బలహీనం. ఆ పట్టికను క్లాసులో గోడకు అంటించకండి. అది 1940ల నాటి అమెరికన్ కాలేజీ కుర్రాళ్ళను చూసి కట్టింది. పొద్దున ఐదింటికి లేచి నీళ్ళు మోసి బస్సెక్కి వచ్చిన మన పిల్లకు "పూర్" అని ముద్ర వేస్తే ఆ అమ్మాయి మళ్ళీ బెంచీ ఎక్కదు. నేను స్కోర్లు ఎవరివి వాళ్ళకే చీటీ మీద ఇచ్చేదాన్ని. పోలిక తనతో తనకే, మూడు నెలల కిందటి తనతో.

అసలు కష్టం నాడి లెక్కలో ఉంది. మొదటి రెండు క్లాసులు బెంచీ బయటికే తీయకండి. నాడి పట్టుకోవడం ఒక్కటే చేయించండి. చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద, బొటనవేలి వైపు పెట్టాలి. బొటనవేలితో పట్టుకుంటే దానిలో కొట్టుకునే తమ నాడినే లెక్కపెట్టుకుంటారు. మెడ దగ్గర పట్టుకుంటే మెల్లగా, ఒక పక్కే. గట్టిగా నొక్కితే అక్కడి పీడన గ్రాహకాలు మెదడుకు కబురు పంపి గుండె వేగాన్ని తగ్గిస్తాయి, కళ్ళు కూడా తిరగవచ్చు.

మా పద్ధతి ఇది. ఒక అమ్మాయి కూర్చుంటుంది. కుడి మణికట్టు ఒకరు, ఎడమ మణికట్టు ఇంకొకరు పట్టుకుంటారు. 30 సెకన్లు లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద రాస్తారు. రెంటికీ తేడా రెండుకు మించితే మళ్ళీ. గడియారం మొదలైన క్షణాన వచ్చిన దెబ్బను సున్నా అనాలా ఒకటి అనాలా అనేది కూడా ముందే తేల్చుకోవాలి. మేము సున్నా అనే అనుకున్నాం. సగం తేడాలు అక్కడే పోయాయి. పిల్లలకు కొలత అంటే ఏమిటో నేను బోర్డు మీద చెప్పిన ఏ పాఠం కన్నా ఈ రెండు క్లాసుల్లోనే బాగా తెలిసింది.

ఎవరిని ఎక్కించకూడదు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్, ఈమధ్య జ్వరం, మోకాలి దెబ్బ ఉన్నవాళ్ళు గడియారం పట్టుకుంటారు, తాళం వేస్తారు, లెక్కలు రాస్తారు. ఎక్కరు. ఎవరికి ఏముందో నలుగురిలో అడగొద్దు, విడిగా పిలిచి అడగండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ముఖం పాలిపోవడం కనపడితే ఆ క్షణమే ఆపేయాలి. "ఇంకొక్క నిమిషమే కదా" అని ఎవరినీ ఉసిగొల్పకూడదు, స్నేహితులను కూడా ఉసిగొల్పనివ్వకూడదు.

ఉగ్గాని బజ్జి తిని నేరుగా వచ్చినవాళ్ళకు నాడి ఎక్కువే వస్తుంది. తిని రెండు గంటలు కావాలి. కాఫీ, టీ కూడా అంతే. ఇంక మన ఎండ. మార్చి దాటాక పొద్దున ఎనిమిదిలోపే ముగించాలి. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటకు నీళ్ళు పోతాయి. అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. జనవరి లెక్కను ఏప్రిల్ లెక్కతో పోల్చాలనుకుంటే గది ఉష్ణోగ్రత, తేమ రాసుకుని తీరాలి.

ఈ లెక్కలను ఎప్పటికైనా ప్రచురించాలని ఉంటే, మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే దగ్గరి యూనివర్సిటీనో మెడికల్ కాలేజీనో అడగాలి. 18 ఏళ్ళు నిండనివాళ్ళయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. ఆ ఫారం తెలుగులో ఉండాలి, ఇంటికి వెళ్ళి అమ్మకు చదివి వినిపించేటట్టు ఉండాలి.

పరిశోధన మొదలయ్యేది తప్పు జవాబు దగ్గర

బెంచీ, నాడి వచ్చేశాయి. ఇక ప్రశ్న. పెద్ద ల్యాబ్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే తడబడతారు. ట్రెడ్‌మిల్ అడిగే ప్రశ్ననే బెంచీతో అడగాలని చూస్తారు. అది కుదరదు. మీ దగ్గర ఆ ల్యాబ్‌కు లేనిది ఒకటుంది. ఏటా అరవై మంది కొత్త పిల్లలు, ఒక్కొక్కరి తలలో శరీరం గురించి ఒక సొంత సిద్ధాంతం.

నేను ఏటా మొదటిరోజు ఒక్క ప్రశ్న అడిగేదాన్ని: పరుగెత్తితే ఆయాసం ఎందుకొస్తుంది? దాదాపు అందరూ ఒకటే రాసేవాళ్ళు, రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి అని. నేను తప్పని చెప్పి, సరైనది చెప్పి, పరీక్షలో అడిగేదాన్ని. పరీక్షలో సరిగ్గా రాసేవాళ్ళు. ఆరు నెలల తర్వాత అడిగితే మళ్ళీ పాత జవాబే.

కోవిడ్ తర్వాత ప్రతి మందులషాపులోనూ పల్స్ ఆక్సీమీటరు దొరుకుతోంది. అది వచ్చాక మా క్లాసు మారిపోయింది. ఒక ఉదయం ఒక అమ్మాయి ఐదు నిమిషాలు ఎక్కి దిగింది. రొప్పుతూ కూర్చుంది, జడ ఊడిపోయి ముఖానికి అంటుకుంది. వేలికి ఆక్సీమీటరు పెట్టాం. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలు చూసి, చెయ్యి కదలకుండా ఒళ్ళో పెట్టించి. అంకె నిలబడేదాకా అందరూ తొంగిచూశారు. 98. ఎక్కకముందూ 98. ఆ అమ్మాయి రొప్పుతూనే నన్ను చూసి అడిగింది: "తగ్గనే లేదు గదా మేడమ్, మరి ఆయాసమెందుకొస్తాంది?"

నేను అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ జవాబు చెప్తున్నాను. ఆ ప్రశ్న మాత్రం పిల్లల నోటినుంచి వినడం అదే మొదటిసారి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈమాత్రం పనికి ధమని రక్తంలో ఆక్సిజన్ తగ్గదు. కండరాలు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ తయారుచేస్తాయి, ఊపిరి అంతకంతా పెరిగి దాన్ని బయటికి పంపుతుంది. కదులుతున్న కాళ్ళ నుంచి, మెదడు నుంచి వచ్చే కబుర్లు కూడా ఊపిరిని పెంచుతాయి. అందుకే ఎక్కడం మొదలుపెట్టిన మొదటి క్షణాల్లోనే, ఏదీ తగ్గకముందే ఊపిరి పెరుగుతుంది. ఆ రోజు నేనిది చెప్తుంటే గదిలో చప్పుడు లేదు.

కాబట్టి ఈ వరసలో చేయండి. ఎక్కకముందు ప్రతి ఒక్కరూ ఊహ రాయాలి: ఆక్సిజన్ అంకె పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా, ఎందుకు? పెన్నుతో రాయించండి, దిద్దుకోకుండా. తర్వాత కొలత. తర్వాత అదే కాగితం వెనక వివరణ. ఆరు నెలల తర్వాత అదే ప్రశ్న మళ్ళీ. రెండు సెక్షన్లు ఉంటే ఈ ఏడాది ఒకదానికి మామూలుగా చెప్పి, ఇంకోదానికి ఇలా చేయించి చూడండి. ఆరునెలల లెక్క పూర్తయ్యాక మొదటి సెక్షన్‌కు కూడా ఇది చేయించాలి, వాళ్ళను నష్టపోనివ్వకూడదు. ఆ కాగితాలు ఒక్కటి కూడా పారేయొద్దు. శరీరధర్మం డేటా, బోధన డేటా రెండూ ఆ ఒక్క కాగితానికి రెండు వైపులా ఉన్నాయి.

ఇలాంటి తప్పు జవాబులు ఇంకా ఉన్నాయి. మర్నాడు తొడలు పట్టేయడానికి లాక్టిక్ ఆమ్లం కారణమని గ్రౌండులో కోచ్‌లు కూడా అంటారు. ఆమ్లం గంటా గంటన్నరలో సర్దుకుంటుంది. నొప్పి మాత్రం ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. అలవాటులేని పనికి, ముఖ్యంగా దిగేటప్పుడు సాగుతూ పనిచేసే కండరం నారల్లో వచ్చే చిన్న చిన్న దెబ్బలు, వాపు దానికి మూలం. బెంచీ ఎక్కిన పిల్లలనే మర్నాడు, మూడోనాడు అడిగి నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాయించండి.

బుడ్డలు, కబడ్డీ

మన ప్రాంతం నుంచి తీసిన లెక్క పిల్లల మనసులో ఉండిపోతుంది. 50 కిలోల అమ్మాయి 0.508 మీటర్లు 150 సార్లు ఎక్కింది. చేసిన పని సుమారు 37 కిలోజౌళ్ళు, అంటే 9 కిలోక్యాలరీల లోపు. కండరం తాను ఖర్చుచేసిన శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మార్చగలదు, మిగిలింది వేడి. కాబట్టి 40 కిలోక్యాలరీల దాకా ఖర్చయి ఉంటుంది. దిగేటప్పటి ఖర్చు ఈ లెక్కలో లేదు. వంద గ్రాముల బుడ్డల (వేరుశనగ) పప్పులో సుమారు 567 కిలోక్యాలరీలు ఉంటాయి. అంటే ఏడు గ్రాములు చాలు. మేము తక్కెడ మీద తూచితే గింజ అర గ్రాముకు తక్కువే వచ్చింది, ఇరవై గింజల దాకా లెక్క తేలింది. ఐదు నిమిషాల రొప్పు మొత్తం ఆ గుప్పెడు కూడా కాని గింజల్లో ఉందని అరచేతిలో పెట్టి చూపించండి. చేనున్న ఇంటి పిల్లలు దాన్ని వేరేగా చూస్తారు.

శక్తి గురించి చెప్పేరోజు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తప్పక చెప్పండి. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరం పనిచేయడానికి నేరుగా వాడుకునే శక్తి పదార్థమైన ఏటీపీని 1929లో, దాన్ని వెంటవెంటనే తిరిగి నింపే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ప్రకటించారు. ఫెటీగ్ ల్యాబ్ మొదలైందీ 1927లోనే, అదే యూనివర్సిటీలో. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు, అదీ చెప్పాలి. కబడ్డీలో రెయిడ్‌కు 30 సెకన్లు. పూర్తి బలం పెట్టి దూకితే మొదటి పది సెకన్ల పని ఎక్కువగా ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీదే నడుస్తుంది. క్లాసులో కబడ్డీ ఆడే పిల్లలుంటే వాళ్ళతోనే చెప్పించండి, లైన్ దాటి వచ్చాక ఎంతసేపటికి మళ్ళీ అదే ఊపు వస్తుందో.

నాడి దిగకపోతే

ఒక ఏడాది ఒక అమ్మాయికి మూడో లెక్క కూడా 80 దాటే ఉండేది. మూడుసార్లు వేర్వేరు రోజుల్లో చేసినా అంతే. బద్ధకమని స్నేహితురాళ్ళు ఏడిపించేవాళ్ళు. ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు పంపితే హిమోగ్లోబిన్ వంద మిల్లీలీటర్ల రక్తంలో 8 గ్రాముల చిల్లర వచ్చింది. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 13 ఉన్న అమ్మాయి వంద మిల్లీలీటర్ల రక్తంలో 17 మిల్లీలీటర్ల పైన మోస్తే, 8 ఉన్న అమ్మాయి 11 లోపే. ఆ కొరత గుండె తీర్చాలి. డాక్టరు మందులిచ్చారు, కొన్ని నెలలకు మూడో లెక్క 60ల్లోకి దిగింది. ఆ అమ్మాయి ఆక్సీమీటరులో అంకె మొదటినుంచీ 98నే. ఆక్సీమీటరు చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్ ఎంత నిండిందో, ఎంత ఉందో కాదు. రోగనిర్ధారణ మన పని కాదు. అయినా దిగని నాడిని చూసి డాక్టరు దగ్గరికి పంపడం మన పనే.

రాయడం, పంపడం

కుట్టిన నోట్‌బుక్ కొనండి, విడికాగితాలు వద్దు. తేదీ, టైము, గది ఉష్ణోగ్రత, బెంచీ నంబరు, లెక్కపెట్టింది ఎవరు, చివర "ఏం తప్పు జరిగింది" అని ఒక గడి. పిల్లల పేర్లకు బదులు కోడ్ నంబర్లు, ఆ పేర్ల జాబితా మీ బీరువాలో విడిగా.

రెండు మూడేళ్ళ లెక్కలు చేతికొచ్చాక పేపరు రాయండి. ఫిజియాలజీ బోధన మీదే నడిచే పత్రిక ఉంది, అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీ వాళ్ళది. మన దగ్గర ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ రెసొనెన్స్ ఉంది, క్లాసురూం ప్రయోగాలకు అందులో చోటుంటుంది. వారంలో అచ్చేస్తాం, ఇంత కట్టండి అని మెయిల్ పంపేవాటికి పోకండి. నేను ఒకసారి కట్టాను. రెండేళ్ళకు ఆ వెబ్‌సైటే లేదు. నా పేపరు ఇప్పుడు నా దగ్గర ఉన్న ప్రింటులో తప్ప ఎక్కడా లేదు. అందులో పని చేసిన పిల్లల పేర్లూ దాంతోనే పోయాయి, అదే నాకు ఇప్పటికీ బాధ. పీఈటీ మాస్టారు, లెక్కలు సర్దిన విద్యార్థి నిజంగా పనిచేసి ఉంటే వాళ్ళ పేర్లు రచయితల్లో ఉండాలి, చివర కృతజ్ఞతల్లో కాదు.

నా విద్యార్థిని బెంచీ చేయించింది. వేపచెక్క, 50.8 సరిగ్గా ఉంది, టేపు పెట్టి ఫోటో తీసి పంపింది. నిన్న మొదటి నాడి లెక్కలు కూడా పంపింది. ఎనిమిది జతల్లో మూడు జతలకు కుడి చేతికీ ఎడమ చేతికీ ఐదు దెబ్బల తేడా ఉంది. పిల్లలను అప్పుడే బెంచీ ఎక్కించొద్దు, ఇంకో రెండు క్లాసులు నాడే పట్టించమన్నాను.